నలుగు పెట్టిన చెయ్యి

సంచి సర్దుతున్నది వకుళ. ప్రయాణం మాత్రం ఆమె మేనత్త పేరిందేవమ్మది.

వకుళ చేతులకు మోచేతులు దాటి రబ్బరు తొడుగులున్నాయి. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంది. అత్త చీరల్ని ఒక్కొక్కటే, కాలుతున్న గిన్నె మీది మూత తీసినట్టు, రెండు వేళ్ళతో పైకెత్తి సంచిలో పెడుతోంది. పేరిందేవమ్మ వీధి అరుగు మీద కూర్చుని కిటికీలోంచి అజమాయిషీ చేస్తోంది. కిటికీకి అద్దం బిగించేశారు. అందుకని ఇద్దరూ కాస్త గొంతు పెంచి మాట్లాడుకోవలసి వస్తోంది. పది రోజులుగా పేరిందేవమ్మ తన ఇంటి వీధి గడప దాటి లోపలికి అడుగు పెట్టలేదు. పడక అరుగు మీద. స్నానం పక్కింటి సూరమ్మగారి పెరట్లో.

"ఆ నీలం చీర అడుగున పెట్టవే. అది నలిగినా పర్లేదు."

"అడుగునే పెట్టాను అత్తా."

"మందులు?"

"పెట్టాను."

"బీపీ మాత్రలు వేరే, గ్యాసు మాత్రలు వేరే. రెండూ తెల్లగానే చస్తాయి. కలిపేశావంటే బరంపురం చేరేలోగా పైకి పోతాను."

"పైకి పోయేదానివైతే ముందే చెప్పొద్దూ? ఇంత పెద్ద సంచి ఎందుకు, చిన్నది సర్దేదాన్ని."

పేరిందేవమ్మ నవ్వింది. నవ్వుతూనే తలుపు వైపు చూసి, మళ్ళీ చూపు తిప్పేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎన్ని సంచులు సర్దిందో లెక్కలేదు. ఓడ మీద పనికి వెళ్ళే మొగుడికి సర్దింది. అతను వెళ్ళిన తుఫాను నెలలోనే ఆ ఓడ మునిగింది. ఆస్పత్రికి వెళ్ళే మరదలికి సర్దింది. ఆమె నాలుగేళ్ళ పిల్లని వదిలేసి ఆ ఆస్పత్రిలోనే పోయింది. ఆ పిల్లే ఈ వకుళ. ఎవరి సంచి సర్దినా ఏదో ఒకటి మరిచిపోయి ఉంటానని, అందుకే వాళ్ళు అలా అయిపోయారని పేరిందేవమ్మకి మనసులో ఒక పీకులాట. తన సంచి ఇంకొకరు సర్దుతుంటే చూడడం మాత్రం ఇదే మొదలు.

"సామర్లకోటలో బండి రెండుంబావుకి," అంది వకుళ. "నువ్వు పన్నెండుకే వెళ్ళి కూర్చుంటావని నాకు తెలుసు. అందుకే పులిహోర పొట్లం పైన పెట్టాను."

"నువ్వు చేసిందేనా?"

"కాదులే. సూరమ్మగారు చేసింది. నేను చేసింది నువ్వు తినొచ్చు అత్తా. నువ్వు చేసింది నేను తినకూడదు గాని."

ఆ తొడుగులు, ఆ అద్దం, ఆ నియమాలు అన్నీ వకుళ ఒంటి మీదున్న చర్మం కోసం.

పేరిందేవమ్మ పని పసిపిల్లలకి నీళ్ళు పోయడం. కాకినాడ జగన్నాథపురంలో, వంతెన దిగాక మూడు వీధుల్లో ఆమె కాళ్ళ మీద పడుకుని ఏడవని మనిషి లేడు. బోర్లా తిప్పి వీపు రుద్దితే పిల్ల తొమ్మిది గంటలు నిద్రపోవాలి, అదీ ఆవిడ చెయ్యంటే అనేవారు. ఆవిడ అమ్మదీ అదే పని. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. నలుగు ఎవరికి వాళ్ళు పెట్టుకోకూడదు. పెద్దవాళ్ళైనా సరే, దీపావళి పొద్దున ఒకరికొకరు పెట్టుకోవలసిందే. "తన నలుగు తానే పెట్టుకునేది దిక్కులేనిదే," అనేది వాళ్ళమ్మ. ఇంట్లో ఎవరూ లేని రోజున ఆవిడ నలుగు మానేసి ఉత్త నీళ్ళు పోసుకునేది గాని తన చెయ్యి తన వీపుకి చాచేది కాదు.

వకుళ నాన్న భద్రం పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాడు. వకుళకి ఇరవై ఏళ్ళు నిండాయి. వంటంటే పిచ్చి. తండ్రితోపాటే వెళ్ళేది. పిఠాపురం దగ్గర ఒక పెళ్ళిలో బూరెల మూకుడు కింద ఇనుప పొయ్యి కాలు విరిగింది. మరిగే నూనె అంతా వాళ్ళ మీదికి వచ్చింది. భద్రం మూడో రోజున పోయాడు. వకుళ బతికింది. ముఖం ఎడమ వైపు, మెడ, ఎడమ చెయ్యి, వీపులో సగం – అక్కడ ఇక చర్మం అనేది లేదు.

అప్పుడు తీసుకెళ్ళారు ఆమెని సముద్రం వైపున్న పరిశోధనాలయానికి. దానికేదో పొడుగాటి పేరుంది. ఊరివాళ్ళు ఎవరూ ఆ పేరు పలకరు. చర్మశాల అంటారు. అక్కడి డాక్టరు ఇమ్మానుయేలు గారు బక్కపలచని మనిషి. మాట్లాడితే పొలం పనులు చెబుతున్నట్టుంటుంది.

"మేము చర్మం కుట్టం అమ్మా, నాటుతాం," అన్నాడు. "ఈ అమ్మాయి తొడ మీంచి గోరంత తీసుకుంటాం. సముద్రపు నాచు గుజ్జులో పెట్టి మొలిపిస్తాం. దానికి మలిచర్మం అని పేరు. రెండు నెలల్లో గాయమంతా కప్పేస్తది."

"మళ్ళీ మామూలుగా అవుతుందా బాబూ?"

"అవుతుంది గాని, ఇది పురిటిబిడ్డ లాంటిది. తనెవరి ఒంటి మీదుందో దానికి తెలీదు. నేర్పాలి. రోజూ పొద్దున, సాయంత్రం. గోరువెచ్చటి నీళ్ళు, తర్వాత మేమిచ్చే పచ్చ ముద్ద, తర్వాత నూనె. మూడు వందల రోజులు తప్పకుండా చెయ్యాలి. సొంత చేత్తో."

ఒక పుస్తకం ఇచ్చారు. ప్రతి రోజుకీ ఒక పేజీ. ముద్ద ఎన్నింటికి రాశారు, నూనె ఎన్నింటికి పట్టించారు, రాసింది స్వయంగానా, ఇతరులా. టిక్కు పెట్టాలి.

మలిచర్మం మొలిచిన కొత్తలో మీగడ తరకలా ఉండేది. ముట్టుకుంటే చిరుగుతుందేమో అనిపించేది. ఇంటికొచ్చిన మొదటి పొద్దున వకుళ పచ్చ ముద్ద వేళ్ళ మీదికి తీసుకుని మెడ దాకా తెచ్చి ఆగిపోయింది. ముద్ద నేల మీద పడింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ పడింది. ఇంట్లో అద్దాన్ని గోడ వైపు తిప్పేసి అప్పటికి నాలుగు నెలలు.

"ఇటు తే," అంది పేరిందేవమ్మ.

"సొంత చేత్తో అని రాశారు అత్తా."

"వాళ్ళకేం, రాస్తారు. పురిటిబిడ్డ అన్నాడు కదా ఆ డాక్టరు. ఏ పురిటిబిడ్డ తన ఒళ్ళు తాను రుద్దుకుంది? నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకొక్కతీ తగల్లేదు."

వకుళ వెనక్కి తిరిగి కూర్చుంది. పేరిందేవమ్మ అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబెట్టి, ముద్ద తీసి, మెడ కింది నుంచి పైకి, పైనుంచి చెవి వెనక్కి రాసింది. వకుళ ఒళ్ళంతా బిగబట్టుకుని ఉన్నదల్లా కాసేపటికి భుజాలు దించింది. ఇంకాసేపటికి కునుకు పట్టింది. నలభై ఏళ్ళ అలవాటున పేరిందేవమ్మ నోట్లో లాలపాట కూనిరాగం నడుస్తూనే ఉంది.

ఆఖర్న పుస్తకం తీశారు. పెన్సిలు వకుళ చేతిలో ఉంది. స్వయంగా అన్న గడి దగ్గర ఒకసారి, ఇతరులు అన్న గడి దగ్గర ఒకసారి ఆగింది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

"నువ్వు ఇతరులెలా అవుతావు అత్తా?" అని స్వయంగా అన్న గడిలో టిక్కు పెట్టేసింది.

ఆ మాట పేరిందేవమ్మ వారం రోజులు లోలోపల చప్పరించింది. పిల్లలు లేని మనిషి. ఎవరి పిల్లలకో నీళ్ళు పోసి, తుడిచి, పొగ వేసి, తల్లి పక్కలో పడుకోబెట్టి, చీర కొంగు పిండుకుంటూ ఇంటికి రావడమే ఆమెకి తెలుసు. తాను ఇతరులు కానని ఒకరు రాసి పెట్టడం ఆమె జీవితంలో అంతకుముందు జరగలేదు.

అలా గడిచాయి రెండు వందల అరవై పొద్దులు. తర్వాత తర్వాత బరంపురంలో కూర్చుని ఆమె తలుచుకున్నవన్నీ ఆ పొద్దులే. వెనక వసారాలో పీట. నీళ్ళ కాగు కింద కొబ్బరి డొక్కల మంట. పక్కింటి బాదం చెట్టు ఆకుల్లోంచి వకుళ వీపు మీద పడే ఎండ మచ్చలు. కబుర్లకి అంతుండేది కాదు. భద్రం చిన్నప్పుడు బూరెల పూర్ణం దొంగతనంగా తిని అరుగు కింద దాక్కుంటే చీమలు పట్టించిన సంగతి పదిసార్లు చెప్పించుకుంది వకుళ. ఒక్కోసారి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కాలవ మీద పడవ మోటారు చప్పుడు వింటూ ఊరికే కూర్చునేవారు. మీగడ తరక మెల్లగా రంగు తిరిగింది. చామనఛాయ వచ్చింది. మోచేతి దగ్గర ఒక పుట్టుమచ్చ కూడా లేచింది. ఒక పొద్దున వకుళ లేచి వెళ్ళి గోడ వైపున్న అద్దాన్ని ఇటు తిప్పింది. జడ వేసుకుంది.

"ఈ వైశాఖానికి నాన్న గరిటె పట్టుకుంటానత్తా," అంది. "రెండు పెళ్ళిళ్ళు ఒప్పేసుకున్నాను."

ఆ మాఘమాసంలో పెద్దాపురం నుంచి పిలుపొచ్చింది. చిన్నప్పుడు పేరిందేవమ్మ నీళ్ళు పోసిన పిల్లే, ఇప్పుడు కవలల్ని కన్నది. వేరే ఎవరి చేతికీ ఇవ్వనంటోంది. మూడు రోజులే కదా అని వెళ్ళింది. ఆ మూడు రోజులూ వకుళ తనే ముద్ద రాసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం ఫోను చేసింది.

"అత్తా, మెడ దగ్గర అంచు లేస్తోంది. అట్టు అంచు లేచినట్టు. మండుతోంది."

పేరిందేవమ్మ ఉన్న పళంగా బస్సెక్కింది. వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కుని, చేతులు వెచ్చబెట్టుకుని, ముద్ద రాసింది. పొద్దుగూకేసరికి లేచిన అంచు మళ్ళీ ఒంటికి అంటుకుంది. ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు. ఉప్పుగాలి వల్ల అనుకున్నారు. వకుళే ఎందుకైనా మంచిదని చర్మశాలకి చెప్పింది.

ఇమ్మానుయేలు గారు రమ్మన్నాడు. పేరిందేవమ్మ దారి పొడుగునా కొంగు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. ఎందుకంటే ఆమె దగ్గర ఒక రహస్యం ఉంది. గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే ఒప్పేసుకుంది.

"బాబూ, తప్పు నాదే. మీ పచ్చ ముద్దలో రోజూ చిటికెడు సున్నిపిండి కలిపాను. పెసలు, బావంచాలు, కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు. పిచ్చి మొహాన్ని, మంచిదే కదా అని..."

డాక్టరు గట్టిగా నవ్వాడు. "దానివల్ల ఏమవదమ్మా. వాసన బాగుంటది, అంతే."

నవ్వుతున్నవాడల్లా ఆగాడు. "కలిపాను అంటున్నారు. కలిపింది మీరా? మరి రాసిందెవరు?"

వకుళ వేలు అత్త వైపు చూపించింది.

గంట తర్వాత ఒక పరీక్ష పెట్టారు. మధ్యలో తెల్లటి తెర కట్టారు. తెరకి ఒక కంత. వకుళ అవతల కూర్చుని ఎడమ చెయ్యి కంతలోంచి ఇవతలికి చాపింది. పైన ఒక కెమెరా ఉంది. మలిచర్మం తనవాళ్ళని గుర్తుపడితే దాని కిందికి రక్తం చేరుతుంది, వేడెక్కుతుంది. వేడెక్కిన చోట గోడ మీది తెరలో నీలం పోయి నారింజ రంగు వస్తుంది. ముందు డాక్టరు చెయ్యి వేశాడు. నీలం. నర్సు సరళ వేసింది. నీలం. గేటు దగ్గరి వాచ్‌మన్‌ని పిలిచారు. అతను మొహమాటంగా వేలితో తాకాడు. నీలమే. తర్వాత వకుళనే తన కుడి చెయ్యి ఇవతలికి తెచ్చి వేసుకోమన్నారు.

నీలం. అంచున ఎక్కడో ఒక పచ్చటి గీత.

పేరిందేవమ్మ ముందుకొచ్చింది. అలవాటు కొద్దీ అరచేతులు రుద్దుకుని, వకుళ మణికట్టు మీద ఆనించింది. గోడ మీద నారింజ రంగు మణికట్టు దగ్గర పుట్టి, మోచేతి దాకా, భుజం దాకా, తూర్పున తెల్లవారినట్టు పాకిపోయింది.

"అది నువ్వే అత్తా," అంది వకుళ తెర అవతలి నుంచి, సంతోషంగా.

నర్సు సరళ చప్పట్లు కొట్టబోయి డాక్టరు ముఖం చూసి మానేసింది. ఆయన పేరిందేవమ్మ చెయ్యి తీయించి మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ తీయించాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"పుస్తకంలో రెండు వందల అరవై రోజులూ స్వయంగా అనే ఉంది వకుళా," అన్నాడు.

"మా అత్త ఇతరులు కాదు కదండీ."

ఆయన పుస్తకం మూసేశాడు. "తప్పు మాదే," అన్నాడు. "సొంత చేత్తో అని రాశాం గాని ఎందుకో రాయలేదు. ఈ చర్మం ఇంత పట్టుదలగా ఉంటదని మాకే తెలీదు. అమ్మా, రోజూ రాసిన చేతిలో వేడి, ఆ చెమటలో ఉప్పు, ఆ చేతి మీదుండే కంటికి కనపడని పురుగులు, వాటిని బట్టి ఇది తన మనిషిని గుర్తుపెట్టుకుంటది. ఇప్పుడిది మీ ఒంటి మీదున్నాననుకుంటోంది."

"అయితే ఏవైంది బాబూ?" అంది పేరిందేవమ్మ. ఆమెకి నిజంగానే సంతోషంగా ఉంది. "రోజూ నేనే రాస్తాను. నాకది పనా?"

"మీకెన్నేళ్ళమ్మా?"

"అరవై ఆరు."

పేరిందేవమ్మ తన చేతుల వైపు చూసుకుంది. కణుపులు ఉబ్బి, ముడతలు పడ్డ చేతులు. అవి చల్లబడిన మూడో రోజుకి పిల్ల మెడ దగ్గర అంచు లేస్తుంది. వారం తిరిగేసరికి ఊడిపోతుంది. ఇంకోసారి నాటితే ఒళ్ళు ఒప్పుకోదని డాక్టరు మొదటే చెప్పాడు.

"తిప్పే దారుందా బాబూ?" అని అడిగింది.

ఉంది. రోజూ సాయంత్రం చర్మశాలలో ఒక సూదిమందు. ఇంకో మూడు వందల రోజులు వకుళ సొంత చెయ్యి. ఇంకో రెండు నెలలు ఆగితే చర్మం పూర్తిగా గట్టిపడిపోతుంది, ఇక కుదరదు. మొదలుపెట్టాక మాత్రం పేరిందేవమ్మ చెయ్యి తగలకూడదు. ఆమె బట్ట తగలకూడదు, ఆమె చెమట పట్టిన మంచం, ఆమె వండిన గిన్నె తగలకూడదు.

"మూడు వందల రోజులే కదా," అంది పేరిందేవమ్మ. "తర్వాత?"

"మొదటి చేతిని అది పూర్తిగా మరిచిపోదమ్మా. మళ్ళీ తగిలితే మళ్ళీ అటే తిరుగుతది. రెండోసారి తిప్పడం మా వల్ల కాదు."

"అంటే ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళని లేదు," అన్నాడు ఇమ్మానుయేలు గారు.

ఆ రోజే ఆమె అరుగు మీదికి మారింది. అద్దం బిగించారు. అద్దంలోంచి చూడ్డానికి అభ్యంతరం లేదు కాబట్టి రోజంతా చూస్తూ కూర్చునేది. వకుళ పొద్దునా సాయంత్రం పీట మీద కూర్చుని తనకి తానే రాసుకునేది. ముద్ద చెదిరేది. వీపుకి చెయ్యి అందక కర్రకి కట్టిన స్పాంజితో అవస్థ పడేది. మండుతుంటే పళ్ళు బిగబట్టేది. పేరిందేవమ్మ ఇవతల కూర్చుని తన చేతుల్ని తన తొడల కింద అదిమిపెట్టుకునేది.

అయిదో రోజు మధ్యాహ్నం వకుళ వసారాలో చాప మీద నిద్రపోయింది. పెరటి తలుపు తెరిచే ఉంది. పేరిందేవమ్మ సూరమ్మగారి పెరట్లోంచి వస్తూ చూసింది. పిల్ల ఎడమ చెవి వెనక పచ్చ ముద్ద ఎండి సున్నపు చుక్కలా ఉంది. అందరూ అక్కడే వదిలేస్తారు. కొత్త తల్లులకి ఎన్నిసార్లు చెప్పినా చెవి వెనక తుడవరు, అక్కడే పాలు కారి పుండు పడుతుంది. నలభై ఏళ్ళుగా ఆమె వేలు వెళ్ళేది ముందు అక్కడికే. ఇప్పుడూ వెళ్ళింది. ఆలోచించి వెళ్ళలేదు. చూపుడు వేలితో ఒక్కసారి తుడిచింది.

నిద్రలోనే వకుళ ముఖం ఆ వేలి వైపు ఒరిగింది.

సాయంత్రం చర్మశాలలో చెవి నుంచి భుజం దాకా నారింజ రంగు వెలిగింది. అయిదు రోజుల అవస్థ, మంట, సూదులు అన్నీ గంగలో కలిశాయి. వకుళ ఇంటికొచ్చి అద్దం అవతల నిలబడింది.

"ఎవరు ముట్టుకున్నారు నన్ను?"

"నేనే."

"ఎందుకు?"

చెవి వెనక ఎండిపోయిందే అమ్మా అనాలనుకుంది. అది మాత్రం ఏం జవాబు?

"నాన్న పోయినప్పుడు నాకు బతకాలని లేదత్తా," అంది వకుళ. గొంతు పెంచలేదు. "నువ్వే బతికించావు. ఇప్పుడు నాకు బతకాలనుంది. ఇప్పుడు చంపుతావా?"

ఆ రాత్రంతా పేరిందేవమ్మకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. తన సంగతి తనకి తెలిసొచ్చింది. అరుగు మీదుంటే మళ్ళీ వెళుతుంది. పక్క వీధిలో ఉన్నా వెళుతుంది. ఊళ్ళో ఉంటే ఏదో ఒక మధ్యాహ్నం తలుపు తెరిచి ఉంటుంది, పిల్ల నిద్రపోతుంటుంది, తన చెయ్యి తన మాట వినదు. అది నలభై ఏళ్ళు ఒకే పని నేర్చిన చెయ్యి.

పొద్దున్నే బరంపురంలో ఉన్న తమ్ముడు సింహాచలానికి ఫోను చేసింది.

"రా అక్కా," అన్నాడు ఆయన. "నాలుగు రోజులుండి గాలి మార్చుకుని పో."

"పోనురా. ఉండిపోతాను," అంది.

సంచి సర్దడం అయింది. వకుళ దాన్ని గడప బయట పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. పేరిందేవమ్మ ముందుకొచ్చి అందుకుంది. ఆటో వచ్చింది. దాన్ని తోలే రాంబాబు కూడా ఒకప్పుడు ఆమె కాళ్ళ మీద పడుకున్నవాడే.

"నా బుర్ర ఇంత గుండ్రంగా ఉందంటే మీ చెయ్యేనంట కదండీ," అన్నాడు సంచి లోపల పెడుతూ. "మా ఆవిడ మాత్రం పైన గుండ్రం, లోపల డొల్ల అంటది."

"లోపలిది మీ అమ్మని అడగరా. నాకు పైపనే ఇచ్చారు."

ఆటో ఎక్కింది. ఎక్కి, మళ్ళీ తల బయట పెట్టింది.

"చెవి వెనక, వకుళా."

"ఆఁ."

"మెడ కింద నుంచి పైకి. పైనుంచి కిందికి కాదు."

"తెలుసత్తా."

"తెలుసని తెలుసు. చెప్పనీ."

"చెప్పు," అంది వకుళ. గుడ్డ కట్టుకున్న ముఖంలో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఇంకా ఏమైనా ఉంటే చెప్పు. బండికి చాలా టైముంది."

పేరిందేవమ్మకి ఇంకేమీ గుర్తు రాలేదు. పొయ్యి కట్టేశావా అని అడిగింది. పొయ్యి వెలిగించనే లేదంది వకుళ. రాంబాబు ఆటో కదిలించాడు.

మధ్యాహ్నం చర్మశాల మనుషులు వచ్చారు. గోడలు గీకి సున్నం వేశారు. గిన్నెలు మరిగే నీళ్ళలో వేశారు. పేరిందేవమ్మ పరుపు, పీట, చాప పెరట్లో కాల్చేశారు. ఇదంతా వకుళ ఫోనులో చెప్పలేదు. సూరమ్మగారు చెప్పింది.

బరంపురంలో సింహాచలం ఇంట్లో ఆమెకి వీధి గది ఇచ్చారు. రోజూ పొద్దున ఏడింటికి ఫోను మోగేది. వకుళ ఫోనుని గూట్లో నిలబెట్టి, కొత్త పీట మీద కూర్చుని ముద్ద రాసుకునేది. పేరిందేవమ్మ ఫోను ముందు కూర్చుని గాలిలో తన చేతులు తాను తిప్పేది. "అక్కడ కాదే, ఇంకా వెనక్కి," అనేది. మరదలు గుమ్మంలోంచి చూసి, వదినకి మతి పోయిందేమోనని సింహాచలానికి చెప్పింది. నలభై రోజులు మంట. ఎనభయ్యో రోజున మెడ అంచు ఒకసారి లేచి, తానే అణిగింది. మూడు వందల పదకొండో రోజున డాక్టరు ఇమ్మానుయేలు గారు తానే ఫోను చేశాడు.

"వకుళ చెయ్యి వేసుకుంది అమ్మా. భుజం దాకా నారింజ."

"అయితే ఇంక అది దానిదేనా బాబూ?"

"ఆ అమ్మాయిదే."

పేరిందేవమ్మ ఫోను పెట్టేసి సింహాచలం పెళ్ళానికి చెప్పి పాయసం వండించింది. తను తినలేదు. ఒంట్లో బాగోలేదంది.

వకుళ వంటలకి వెళ్ళడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళ కాలంలో ఫోను వారానికోసారి అయింది, తర్వాత నెలకోసారి. పేరిందేవమ్మ ఏడింటికి లేచి కూర్చోవడం మానలేదు. ఫోను మోగని పొద్దుల్లో వెనక వసారాని తలుచుకునేది. ఆకుల నీడలు, కాలవ మీద మోటారు చప్పుడు, వెచ్చటి వీపు. ఒక్కోసారి ఎండ మచ్చలు ఎన్ని ఉండేవో గుర్తు తెచ్చుకోవాలని చూసేది.

ఆరేళ్ళకి, పెళ్ళయిన మరుసటేడు, వకుళకి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున ఫోను మోగింది.

"అత్తా, ఎవర్నీ పిలవలేదు. నేనే పోస్తాను. చెప్పు."

"కాళ్ళు చాపు. రెండూ దగ్గరగా. పిల్లని బోర్లా పడుకోబెట్టు, తల పాదాల వైపు. భయపడకు, జారదు. ముందు నీళ్ళు చూసుకో. ముంజేతి లోపలి వైపు పోసుకో, అరచేతికి తెలీదు."

వకుళ చెంబుతో ముంచి ఎడమ ముంజేతి మీద పోసుకుంది. అది మలిచర్మం ఉన్న చెయ్యి.

"వేడెక్కువ," అంది వెంటనే. చన్నీళ్ళు కలిపి మళ్ళీ పోసుకుంది. "ఇప్పుడు సరిపోయింది."

తర్వాత అరచేతులు రెండూ రుద్దుకుంది. బొటనవేలు పిల్ల అరికాలికి ఆనించి, అక్కణ్ణుంచి పిక్క మీదుగా పైకి, నడుము దగ్గర వేళ్ళు విప్పి వీపంతా. అలా పట్టడం ఏ పుస్తకంలోనూ లేదు. ఫోనులో పేరిందేవమ్మ ఇంకా ఆ సంగతికి రానేలేదు. పిల్ల రెండు కేకలు వేసి ఊరుకుంది. వకుళ నోట్లో కూనిరాగం నడుస్తోంది.

"అత్తా, వింటున్నావా? తర్వాతేంటి?"

"చూస్తున్నాను," అంది పేరిందేవమ్మ. "నువ్వు కానీ."

పేరిందేవమ్మ కాకినాడ నుంచి బయలుదేరింది రెండు వేల యాభై ఎనిమిది ఫిబ్రవరి పన్నెండున. బరంపురంలో పోయింది రెండు వేల అరవై ఏడు నవంబరు మూడున. ఆ మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు.